ఇఱ్ఱియా, లేడియా? – మహబూబ్ అలీఖాన్ వేటలో మరుగుపడిన విద్య

హైదరాబాదు రాజ్యమును ఏలిన అసఫ్‌జాహీ ప్రభువులలో ఆరవవాడు మీర్ మహబూబ్ అలీఖాన్. ప్రజలు ఆయనను మహబూబ్ పాషా అని ఆప్యాయముగా పిలుచుకొన్నారు. ఆయన 1866 ఆగస్టులో జన్మించినాడు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా గతించగా మూడేండ్లైనను నిండని బాలునికి సింహాసనము దక్కినది. రాజ్యభారమును సాలార్‌జంగు, షంసుల్ ఉమరా వహించినారు. 1884 ఫిబ్రవరి 5న లార్డ్ రిప్పన్ సమక్షమున పూర్తి అధికారములు స్వీకరించునాటికి ఆయన వయస్సు పదునేడేండ్లు మాత్రమే.

ఆయనకు ఉరుదు కవిత్వమనిన ప్రీతి. ప్రసిద్ధకవి దాగ్ దెహల్వీని గురువుగా గౌరవించి, తానును కవిత్వము చెప్పినాడు. అయితే కవిత్వముకన్న వేట ఆయనకు ఎక్కువ కీర్తి తెచ్చినది. గురి తప్పని వేటగాడని దేశమంతట పేరుపొందినాడు.

ఆయన పాలనలోనే రైలుమార్గము జనగామ, కాజీపేట, వరంగల్, నెక్కొండ, మహబూబాబాదుల మీదుగా సాగి, 1889లో బెజవాడను చేరినది. మహబూబాబాదు ప్రజల నోట నేటికిని మానుకోటయే. ఈ మార్గమునకు ఉత్తరమున పాకాల అడవులు, వానికావల భూపాలపల్లి మీదుగా గోదావరి వరకు వ్యాపించిన వనములు కలవు. రైలు రాకతో రాజధాని నుండి ఈ అడవులకు ప్రయాణము సులభమైనది. 1902లో రాజప్రతినిధి కర్జన్ నిజాము అతిథిగా నెక్కొండలో పులివేట ఆడినాడు. చంపిన పులిచెంత కర్జన్ దంపతులు నిలిచియున్న ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. దానిని తీసినవాడు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్.

పులివేటకే కీర్తి దక్కినను, అడవిలో పులికి ఆహారము దుప్పి, కణితి. వేటగాండ్రును వానినే తరచుగా వెదకినారు. కొమ్ములుగల మగమృగమునే కాల్చవలెనని, ఆడుదానిని విడువవలెనని నాటి షికారీల మర్యాద. చూలుతో ఉన్న తల్లిని కూల్చిన ఒక్క గుండు రెండు ప్రాణములను తీయును. మృగము పొదచాటున ఉన్నప్పుడు కొమ్ములు కానరావు. అందుచేత మృగము కంటబడకముందే, అది విడిచిన జాడను బట్టి మగదో ఆడదో తెలియునా అను ప్రశ్న వేటలో ముఖ్యమైనది. మగలేడికి ఇఱ్ఱి అని వేరుపేరు పెట్టుకొన్న తెలుగువారికి ఈ భేదము చిరపరిచితమే.

మొదటి సాక్షి గిట్టజాడ. ఎదిగిన మగదుప్పి బరువైనది గనుక దాని జాడ పెద్దదిగా, లోతుగా పడును. మెడ, కొమ్ముల బరువు ముందుకాళ్లపై ఉండుటచే ముందుగిట్టల గుర్తు వెడల్పుగా కనిపించును. కాని ఈ సాక్షిని పూర్తిగా నమ్మరాదు. పడుచు పోతుజాడ, పెద్ద ఆడుదాని జాడ ఒకే కొలతలో ఉండవచ్చును. వానకు నానిన రేగడిలో చిన్నగిట్టయు పెద్దదిగా అచ్చుపడును. గట్టినేలపై పెద్దగిట్టయు చిన్నగా తోచును. పెంటికల ఆకారమును బట్టి లింగమును చెప్పుట మరియు బలహీనమైన వాదము. ఆ ఆకారము లింగము కన్న తిన్న మేతను బట్టియే ఎక్కువగా మారును.

మూత్రము పడినచోటు ఇంతకన్న మేలైన సాక్షి. నిలిచిన మృగము మగదైనచో తడి వెనుకకాళ్ల జాడలకు ముందువైపున, ఆడుదైనచో ఆ జాడల వద్దనో వెనుకనో ఉండును. పెద్దజాడ ప్రక్కన కూన అడుగులు వెంటవెంట సాగిన అది తల్లి కావచ్చునని ఊహింపవచ్చును. అన్నింటికన్న గట్టి గుర్తులు కొమ్ములు విడిచినవి. దుప్పులలోను కణితులలోను కొమ్ములు మగవానికే ఉండును; అవి రాలి మరల మొలచును. లేతచెట్టు బెరడు ఒరసికొని పోయినను, రాలిన కొమ్ము దొరికినను ఆ త్రోవలో పోతు తిరిగినదని నిశ్చయము. ఐతే ఆ చెట్టుక్రింద ఉన్న జాడ ఆ పోతుదే యనుటకు అది చాలదు. ఇట్టి గుర్తులు లేనంతమాత్రమున తిరిగినది ఆడుదని చెప్పుటకును వీలులేదు.

కావున అనుభవము గల జాడగాడు ఒక్క గుర్తుతో తీర్పు చెప్పడు. నాలుగు గుర్తులు ఒకేమాట చెప్పువరకు వేచియుండును. సందేహమున్నచోట తుపాకి ఎత్తనీయక పోవుటయే అతని విద్యకు గీటురాయి. పాకాల, భూపాలపల్లి అడవులలో ఈ విద్య కోయలు, నాయకపోడులు తరతరములుగా కాపాడుకొన్నది. ప్రభువుల వేటలకు దారిచూపి, డప్పులు మ్రోగించి మృగములను తోలిన అట్టివారి పేర్లు ఛాయాచిత్రముల క్రింద కానరావు. గురి ప్రభువుది; ఆ గురికి లక్ష్యము చూపిన కన్ను మరియొకరిది.

మహబూబ్ అలీఖాన్ ప్రజల మనస్సున నిలిచినది వేటచేత మాత్రమే కాదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలమందిని బలిగొన్నప్పుడు ఆయన నిరాశ్రయులకు రాజభవనద్వారములు తెరిపించినాడు. పాముకాటుకు ఆయన పేరే మందని జనులు నమ్మినారు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనములో నలుబదియైదేండ్ల వయస్సున కన్నుమూసినాడు. మక్కామసీదు ఆవరణలో ఆయన సమాధి కలదు.

ఆయన వేటలకు ప్రసిద్ధమైన కాలము గతించినది. 1952లో పాకాల వన్యప్రాణుల అభయారణ్యమైనది. 1972 చట్టము వన్యమృగముల వేటను కట్టడి చేసినది. నేడు పెంటికలలోని జీవకణముల నుండి డి.ఎన్.ఎ. తీసి, మృగము మగదో ఆడదో ప్రయోగశాలలో నిర్ణయింపగలరు. ఆకారము చెప్పలేని మాటను ఆ పెంటికలే ఈ విధముగా చెప్పుచున్నవి. అయినను ఆ పెంటికలను అడవిలో వెదకి తెచ్చుటకు నేలను చదువగల కన్ను కావలెను. మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థి వానవెలిసిన ఉదయమున మట్టిపై పడిన గిట్టజాడను కొలిచి, ఏది నిశ్చయము, ఏది ఊహ అని విడదీసి వ్రాసుకొనగలిగిన, పూర్వము తుపాకికి దారిచూపిన విద్య అతనిచేతిలో మృగరక్షణకు ఉపకరించును.