లాగ్‌బుక్‌లో అతికించిన పురుగు: గ్రేస్ హాపర్ కథ

కంప్యూటర్ సైన్స్‌లో చేరిన మొదటి నెలలోనే మనందరం వినే కథ ఒకటుంది. గ్రేస్ హాపర్ అనే ఆవిడ కంప్యూటర్‌లోంచి ఒక పురుగును బయటికి తీశారట, అప్పట్నుంచే తప్పుని బగ్ అనడం మొదలైందట. ఈ కథలో సగమే నిజం. ఆ నిజమైన సగం మన లాప్‌టాప్‌లకి కూడా పనికొస్తుంది. అందుకే ఈ నెల ఆవిడ గురించి రాస్తున్నా.

ఆవిడ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో ఇంట్లో ఒక అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని విప్పారు. మళ్లీ బిగించడం రాలేదు. ఇంకోటి చూసి నేర్చుకుందామని దాన్నీ విప్పారు. అలా ఏడు గడియారాలు అయ్యాక వాళ్లమ్మకి తెలిసింది. అమ్మ తిట్టి ఊరుకోలేదు, ఆపేయమనీ అనలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకోమన్నారు. మన ఇళ్లల్లో అయితే ఏం జరిగేదో మీకు తెలుసు!

1934లో యేల్ యూనివర్సిటీ నుంచి గణితంలో పీహెచ్‌డీ తీసుకుని, వాసర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నేవీలో చేరతానన్నారు. వయసు ఎక్కువన్నారు. ఉండాల్సిన బరువుకన్నా 15 పౌండ్లు, అంటే దాదాపు 7 కిలోలు తక్కువన్నారు. ఆవిడ పట్టు వదల్లేదు. 1943 చివర్లో నేవల్ రిజర్వ్‌లో చేరి, ట్రైనింగ్‌లో ఫస్ట్ వచ్చారు. 1944లో ఆవిడని హార్వర్డ్‌లో ఉన్న మార్క్ వన్ దగ్గరికి పంపారు.

మార్క్ వన్ అంటే 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, దాదాపు 5 టన్నుల బరువున్న యంత్రం. సెకనుకి మూడు కూడికలు చేసేది. ప్రోగ్రామ్‌ని కాగితపు టేప్ మీద చిల్లులుగా కొట్టాలి. ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. ఆ పుస్తకం రాసే పని కూడా ఆవిడ మీదే పడింది. 1946లో వచ్చిన ఆ మాన్యువల్ 500 పేజీలు దాటింది.

తర్వాత మార్క్ టూ వచ్చింది. అందులో రిలేలు ఉండేవి. రిలే అంటే కరెంటుతో మూసుకుని తెరుచుకునే స్విచ్. రెండు లోహపు ముక్కలు తగిలితే ఒకటి, తగలకపోతే సున్నా. 1947 సెప్టెంబర్ 9న యంత్రం లెక్క తప్పింది. వెతుక్కుంటూ పోతే ఎఫ్ ప్యానెల్‌లో 70వ రిలే మధ్య ఒక మాత్, అంటే దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగు, ఇరుక్కుని చచ్చిపోయి ఉంది. దాన్ని తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి, టైమ్ 3 గంటల 45 నిమిషాలని వేసి, నిజమైన బగ్ దొరకడం ఇదే మొదటిసారని సరదాగా రాశారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. నిజమైన బగ్ అని జోక్ వేశారంటే, ఆ మాట అప్పటికే వాడుకలో ఉన్నట్టే కదా. ఎడిసన్ 1870లలోనే యంత్రాల్లో లోపాలకి ఆ మాట వాడేవాడు. పురుగుని పట్టుకుంది కూడా ఆవిడ కాదు, అక్కడి ఆపరేటర్లు. ఆవిడ ఆ కథని జీవితాంతం అందరికీ చెప్పారు, అందుకే ఆవిడ పేరు దానికి అంటుకుపోయింది. ఆ పేజీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గరుంది.

నన్ను ఆపేసింది మాత్రం పురుగు కాదు, ఆ లాగ్‌బుక్ పేజీ. ఏ ప్యానెల్, ఎన్నో రిలే, ఎన్ని గంటలకి, అన్నీ ఉన్నాయి. మన లైనక్స్‌లో కూడా ఆ పుస్తకం ఉంది, మనమే తెరవం.

పోయిన సెమిస్టర్‌లో నా రూమ్మేట్ లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయేది. ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు, తగ్గలేదు. రిపేర్ షాపులో మూత కూడా విప్పకుండా మదర్‌బోర్డ్ మార్చాలన్నారు. ఆ డబ్బు ఇంట్లో అడిగే పరిస్థితి వాడికి లేదు. సరే అని ఇద్దరం లాగ్ తెరిచాం. జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, పక్కన మైనస్ బి, మైనస్ ఒకటి ఇస్తే, కిందటిసారి మెషిన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఏం జరిగిందో వరసగా వస్తుంది. ఒకరోజు బ్రౌజర్ పడిపోయింది, ఇంకోరోజు కంపైలర్, మరోరోజు ఫైల్ మేనేజర్. ఒకే ప్రోగ్రామ్ పడిపోతుంటే దాన్ని అనుమానించాలి. సంబంధం లేనివన్నీ పడిపోతుంటే, అవన్నీ వాడుకునే దాన్ని అనుమానించాలి. అంటే ముందు మెమరీని.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ ఉబుంటు బూట్ చేసి చూశాం. అందులోనూ ఆగిపోయింది. కాబట్టి డిస్క్‌లో ఉన్న ఇన్‌స్టలేషన్ తప్పు కాదు. బూట్ మెనూలో ఉండే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపితే ఎర్ర గీతలు వచ్చాయి. రెండు ర్యామ్ స్టిక్‌లు ఉన్నాయి. పవర్ తీసేసి, ఒక్కోదాన్ని ఒక్కో స్లాట్‌లో పెట్టి విడివిడిగా టెస్ట్ చేశాం, ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఫెయిల్. రెండోది ఎక్కడ పెట్టినా పాస్. స్లాట్‌లు బాగున్నాయి, బోర్డ్ బాగుంది, పోయింది ఒక్క స్టిక్. వాడు మిగిలిన స్టిక్‌తోనే ప్రాజెక్ట్ పూర్తి చేశాడు. అదే వాడి 70వ రిలే.

మళ్లీ హాపర్ దగ్గరికొద్దాం. 1949లో ఆవిడ యూనివాక్ తయారుచేస్తున్న కంపెనీలో చేరారు. అంతకుముందు హార్వర్డ్‌లో ప్రోగ్రామర్లు పనికొచ్చే కోడ్ ముక్కల్ని నోట్‌బుక్‌లలో దాచుకుని, ఒకరి దగ్గర ఒకరు చూసి ఎక్కించుకునేవారు. ఎక్కించేటప్పుడే తప్పులు దొర్లేవి. ఆ ఎక్కించే పనేదో యంత్రమే చేయొచ్చు కదా అనుకున్నారు ఆవిడ. అలా 1952లో ఏ-జీరో కంపైలర్ వచ్చింది. 1953లో ఏ-టూ వచ్చినప్పుడు దాన్ని కస్టమర్లకి సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చి, మెరుగుపరిస్తే తిరిగి పంపమన్నారు. ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టడానికి నలభై ఏళ్లకి పైగా ముందే ఆ పద్ధతి నడిచిందన్నమాట.

ఇంకో సంగతి మన తెలుగు క్లబ్ వాళ్లకి నచ్చుతుంది. మామూలు ఇంగ్లిష్ మాటలతో ప్రోగ్రామ్ రాయొచ్చని నిరూపిస్తూ, అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో కూడా చేసి చూపించారు. మేనేజ్‌మెంట్ కంగారు పడిపోయింది, అమెరికా కంప్యూటర్‌కి ఫ్రెంచ్ ఎలా అర్థమవుతుందని. యంత్రానికి ఏ భాషైనా గుర్తులే అని వాళ్లకి నచ్చజెప్పడానికి చాలా టైమ్ పట్టింది. ఇంగ్లిష్ మీడియంలో చదివి ఇప్పుడు తెలుగు టైప్ చేస్తున్న నాకు ఈ ముక్క చదివితే భలే సంతోషమేసింది. ఆవిడ చేసిన ఫ్లో-మ్యాటిక్ భాష ఆధారంగానే తర్వాత కోబాల్ వచ్చింది.

1966లో నేవీ ఆవిడని రిటైర్ చేసింది. మరుసటేడే ఆరు నెలల పనుందని మళ్లీ పిలిచింది. ఆ ఆరు నెలలు ఏళ్లకేళ్లు సాగాయి. 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో చివరిసారి రిటైర్ అయ్యేటప్పటికి వయసు 79. ఉపన్యాసాలకి వెళ్తే దాదాపు 30 సెంటీమీటర్ల వైరు ముక్కలు పంచేవారు. ఒక నానోసెకండ్‌లో కాంతి వెళ్లగలిగే దూరం అది. కంటికి కనపడని దాన్ని చేతికివ్వడం అంటే అదే.

1992 జనవరి 1న కన్నుమూశారు. ఆవిడ పేరు పెట్టిన యుద్ధనౌక ఇప్పటికీ ఉంది. దాని నంబర్ కూడా 70 కావడం యాదృచ్ఛికమే, కానీ నాకు భలే నచ్చింది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి మీ మెషిన్ ఆగిపోతే ఫార్మాట్ చేసే ముందు ఒక్కసారి లాగ్ తెరవండి. టైమ్ రాసుకోండి. ఏ ప్యానెల్, ఎన్నో రిలే అని అడగండి.