ఆయుధశిల్పి పాల్ మౌజర్

అన్నోజిగూడ నుంచి ఉప్పల్, నాచారం దాకా ఉన్న పెన్షనరు మిత్రుల్లో చాలామంది ఆకురాయీ, వెర్నియరూ పట్టి పనిచేసి రిటైరైనవారే. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఒక కార్ఖానా మనిషి జీవితాన్ని ఎంచుకున్నాను.

పాల్ మౌజర్ 1838 జూన్ 27న జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ఓబెర్న్‌డార్ఫ్‌లో జన్మించారు. తండ్రి అక్కడి ప్రభుత్వ తుపాకుల కర్మాగారంలో పనివాడు. 13 మంది సంతానంలో పాల్ ఆఖరివారు. చిన్న వయసులోనే ఆయనా అందులోనే చేరారు. అన్న విల్‌హెల్మ్ వ్యాపారం చూసుకుంటే, తమ్ముడు పని బల్లను వదల్లేదు. వారి 1871 నమూనా రైఫిల్‌ను జర్మన్ సైన్యం స్వీకరించింది. 1882లో అన్నగారు పోయారు. 1901లో కొత్త రైఫిల్‌ను పరీక్షిస్తుండగా పాల్‌గారికి ఒక కన్ను పోయింది.

మన దేశంలో ఆయన పేరు మోగింది మాత్రం పిస్తోలు వల్ల. నిజానికి దాన్ని రూపొందించినవారు ఆయన దగ్గర ఉద్యోగులైన ముగ్గురు ఫీడర్లే సోదరులు. 1895లో పేటెంటు యజమాని పేరున వెళ్లింది. తయారైన పిస్తోలు మీద పడ్డదీ ఆయన పేరే. ఇది మనకేమీ కొత్త సంగతి కాదనుకోండి! అయినా నాకు నచ్చలేదు.

ఆ ముగ్గురి పనితనం చూడాలంటే మ్యాగజైన్ చూడాలి. అది ట్రిగ్గరుకు ముందు, ఫ్రేములో భాగంగానే ఉంటుంది. పది తూటాలను క్లిప్పుతో పైనుంచి దించుతారు. పిడి చెక్కలను పట్టి ఉంచే స్క్రూ తప్ప మొత్తం పిస్తోలులో మరో స్క్రూ లేదు. అడుగు పలకలోని బొడిపె నొక్కి జరిపితే స్ప్రింగు చేతికొస్తుంది. తుడిచి, చుక్క నూనె రాసి, మళ్లీ బిగించుకోవచ్చు. తరువాత వచ్చిన లూగర్ పిస్తోలులో మ్యాగజైన్ పిడిలోంచి ఊడి వస్తుంది. దాని రేకు అంచులు కాస్త వంగినా తూటా అడ్డం పడుతుంది. మౌజర్‌కు ఆ బాధ లేదు. స్ప్రింగు బలం తగ్గితే మాత్రం మార్చాల్సిందే.

1914 మే 29న మౌజర్ మరణించారు. మూడు నెలలు తిరగకుండానే, ఆగస్టు 26న, కలకత్తా రోడ్డా కంపెనీ గుమస్తా శ్రీశ్ చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించారు. గోదాముకు చేరినవి 192. మిగతావి తెస్తానని వెళ్లిన గుమస్తాగారు సెలవు చీటీ అయినా పెట్టకుండా మాయమయ్యారు. 50 మౌజర్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి వెళ్లాయి.

1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, నలుగురు అనుచరులు మౌజర్లతోనే సాయుధ పోలీసులను ఎదుర్కొన్నారు. జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు. విడి స్ప్రింగు కావాలంటే ఏ దుకాణానికి వెళ్తారు? ఉన్నదాన్నే జాగ్రత్తగా చూసుకోవాలి. మరునాడు జతిన్ ఆసుపత్రిలో కన్నుమూశారు.