సి. పి. బ్రౌన్: మన భాష కోసం అప్పులపాలైన పరదేశి



ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడం సికింద్రాబాదులో మన కుటుంబాలకు తరతరాల అలవాటు. ముందురోజే సమాధులకు సున్నం వేయిస్తాం. పూలు పరుస్తాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈ ఏడాది అక్కడ మా సంఘంలోని ఒక పిల్లవాడు తన తాతగారి సమాధి ముందు నిలబడి, రాతి మీద ఏం రాసుందని వాళ్ల నాన్నను అడిగాడు. వయసు పదమూడేళ్లు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, అక్షరాలే రావు. తాతగారు బ్రతికుండగా ఎంచుకున్న బైబిలు వాక్యాన్ని తండ్రి చదివి వినిపించాడు. ఆ పిల్లవాడికి అది మొదటిసారి వినడం.

ఆ మాట మనసులో ఉండగానే లండన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అల్లుడు నన్ను కెన్సల్ గ్రీన్ సమాధుల తోటకు తీసుకువెళ్లాడు. అది 1833లో తెరిచిన తోట, డెబ్బై ఎకరాలకు పైనే ఉంటుంది. తోటలో నడుస్తూ సమాధులు చూశాం. రైలు మార్గాలు, వంతెనలు కట్టిన ఇంజనీరు బ్రూనెల్ అక్కడే ఉన్నాడు. కంప్యూటరుకు తాతలాంటి యంత్రాన్ని ఊహించిన బాబేజ్, కలకత్తాలో పుట్టిన నవలా రచయిత థాకరే కూడా అక్కడే ఉన్నారు. ఆ నడక ముగిశాక, మేము అసలు దేనికోసం వెళ్లామో ఆ సమాధి దగ్గరకు నడిచాం. అది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది. లండన్‌లోని మన తెలుగువారు వెళ్లి పూలు ఉంచే చోటు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దైవసేవకుడు, అక్కడి ఆంగ్లేయుల సంఘానికి చాప్లిన్. విలియం కేరీ బృందం పనిచేస్తున్న శ్రీరాంపూరులో నది ఒడ్డున వారికి ఇల్లు ఉండేది. హెన్రీ మార్టిన్ 1806లో ఇండియాకు వచ్చినప్పుడు అతిథిగా దిగింది ఆ ఇంట్లోనే. ఒకవైపు ప్రార్థన, మరోవైపు అనువాదాల మీద చర్చ, ఈ రెంటి మధ్య ఆ పిల్లవాడు పెరిగాడు. 1812లో తండ్రి ప్రభువునందు నిద్రించాడు. విశాఖపట్నం మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌లు ఆనందరాయర్ సహాయంతో తెలుగులోకి తెచ్చిన సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది కూడా ఆ ఏడే. ఆ ముద్రణ జరిగిన ఊరిలో పెరిగిన ఈ పిల్లవాడే ఒకనాడు తెలుగుకు నిఘంటువు కడతాడని అప్పుడెవరికి తెలుసు?

తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్లింది. బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ కొలువుకు చదువుకొని 1817లో మద్రాసుకు వచ్చాడు. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడని గవర్నరు థామస్ మన్రో నమ్మేవాడు. ఆ మాట ఈ యువకుడి మనసులో నాటుకుంది. 1820లో కడపకు వచ్చేసరికి అతనికి ఇరవై రెండేళ్లయినా లేవు. కచేరీలో రైతులతో మాట్లాడడానికి నేర్చుకోవడం మొదలుపెట్టిన తెలుగు అతని బ్రతుకంతటినీ పట్టుకుంది.

ఆనాటి తెలుగు స్థితి మనం గుర్తుచేసుకోవాలి. కావ్యాలన్నీ తాటాకుల మీదే ఉండేవి. చెదలు తిన్నవి కొన్ని, రాయసగాళ్లు తప్పులతో ఎక్కించినవి కొన్ని. ఒకే పద్యం పది ప్రతుల్లో పది రకాలుగా ఉండేది. యోషీయా దినాల్లో దేవాలయంలో మరుగున పడిన ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు రాజు బట్టలు చింపుకున్న సంగతి మనకు తెలుసు. బ్రౌన్‌కు కలిగింది అలాంటి వేదనే అనుకుంటాను. పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను ఊరూరా వెదికించి, ప్రతులను పోల్చి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. కడపలో బంగళా కొని, పండితులకూ రాయసగాళ్లకూ జీతాలిచ్చి పని చేయించాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి వంటివారు లేకుండా ఆయన చేసిన పని ఏదీ సాగేది కాదు. కంపెనీ ఇచ్చిన జీతం వీటికి చాలలేదు. అప్పులు చేశాడు. ఆ అప్పులు ఏళ్ల తరబడి ఆయన్ని వెంటాడాయి.

ఆయన జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేది నందన కరువు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో జనం ఆకలితో రాలిపోతుంటే, పై అధికారులు దాన్ని కొరత అనీ ఎద్దడి అనీ కాగితాల్లో రాయాలనుకున్నారు. బ్రౌన్ దానికి ఒప్పుకోలేదు, కరువును కరువనే అన్నాడు. మాటల విలువ తెలిసినవాడికి అబద్ధపు మాట రాయడం ఎంత కష్టమో చూడండి. పై అధికారులతో ఆయనకు పడలేదు. 1834లో కొలువు పోయింది, ఇంగ్లండుకు వెళ్లవలసి వచ్చింది.

అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. లండన్‌లో కంపెనీ గ్రంథాలయంలో, పట్టించుకునే దిక్కులేక పడి ఉన్న దక్షిణ భారత వ్రాతప్రతులు ఆయన కంటపడ్డాయి. పట్టుబట్టి వాటిని తిరిగి మద్రాసుకు చేరేలా చేశాడు. తర్వాత తానూ పారశీక అనువాదకుడిగా మళ్లీ మద్రాసు వచ్చాడు. 1840లో తెలుగు వ్యాకరణం వెలువరించాడు. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి కావ్యాలను పరిష్కరింపజేసి అచ్చువేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘం ముద్రణాలయంలో అచ్చయింది. అందులో కావ్యాల మాటలతో పాటు సంతలో, పొలంలో, వంటింట్లో వినిపించే మాటలకూ చోటిచ్చాడు. ఈనాటికీ ప్రసంగం సిద్ధపడుతూ పాత బైబిలు మాట ఒకటి అర్థం కాకపోతే నేను తెరిచేది ఆ పుస్తకాన్నే.

ఆయన్ని పరిశుద్ధుణ్ణి చేసి చూపడం నా ఉద్దేశం కాదు. మన రైతుల చేత పన్నులు కట్టించుకున్న కంపెనీకి ఆయన నౌకరు. కోపిష్టి. తనకు చదువు చెప్పిన పండితుల గురించి కటువుగా రాసిన సందర్భాలున్నాయి. అయినా దేవుడు లోపాలున్న పాత్రలనే వాడుకుంటాడని మనం ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాం కదా.

పదవీ విరమణ తర్వాత లండన్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. ఆయన కూడబెట్టిన వ్రాతప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వల్ల, ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం నిలిచింది.

కెన్సల్ గ్రీన్‌లో ఆ సమాధి ముందు నిలబడినప్పుడు నాకు సికింద్రాబాదు పిల్లవాడే గుర్తొచ్చాడు. పరాయి దేశంవాడు ఇరవై ఏళ్లు దాటాక మన అక్షరాలు దిద్దుకున్నాడు, వాటికోసం అప్పులపాలయ్యాడు. మనం ఆ అక్షరాలలో పుట్టి, మన పిల్లలకు కీర్తనల్ని ఇంగ్లీషు లిపిలో తెరమీద చూపిస్తున్నాం. తప్పు పిల్లలది కాదు. బడి ఫీజులకు వెనకాడని మనం, ఇంట్లో రోజుకు పావుగంట ఇవ్వలేకపోయాం. సంఘ కాపరులం మేము కూడా ఆ మాట అడగలేదు. నాతో సహా.

అందుకే మా సంఘంలో ఈ సెలవుల్లో వి.బి.ఎస్. పదిరోజులూ పాటల తర్వాత అరగంట తెలుగు అక్షరాలకు కేటాయించాం. సండే స్కూలు టీచరమ్మలు సంతోషంగా ఒప్పుకున్నారు. పలకలు కొన్నాం. ఆ పదమూడేళ్ల పిల్లవాడు మొదటి వరుసలో కూర్చుంటున్నాడు. గుణింతాల దాకా వచ్చాడు, ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. వచ్చే ఈస్టరుకు తాతగారి రాయి తానే చదువుతానని వాళ్ల నాయనమ్మకు మాటిచ్చాడట.

మీ సంఘాల్లోనూ ఈ పని మొదలుపెట్టండి. ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.

సంపాదకుడు