దుర్గాబాయి దేశ్‌ముఖ్

గోదావరీ తీరమునందలి రాజమహేంద్రవరమున 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన దుర్గాబాయి జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాల్యవివాహములను ఖండించుచు జీవితమంతయు పాటుపడిన పట్టణమది. అయినను పాత ఆచారము ఇంకను వేళ్లూనియే యుండెను. వరుని చూచువారు పెద్దలు. ముహూర్తము నిర్ణయించువారు పెద్దలు. పిల్ల యిష్టము నడుగువారు మాత్రము లేరు. దుర్గాబాయికిని ఎనిమిదవ యేటనే సుబ్బారావు అను నాతనితో వివాహము జరిపించిరి. పెండ్లి యన నేమో ఎరుగని వయస్సది.

దుర్గాబాయి చదువుపై మిక్కిలి మక్కువ గలది. హిందీ భాషను శ్రద్ధతో నేర్చి, పండ్రెండేండ్ల ప్రాయమునకే బాలికలకు హిందీ పాఠములు చెప్పసాగెను. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలను, ఘోషాలోనుండు ముస్లిము స్త్రీలను ఆయన సన్నిధికి చేర్చవలెనని సంకల్పించి, ఆ సభను జరిపించెను. సంఘము ఎవరి మాటను ఆలకింపదో వారిపైననే ఆ బాలిక దృష్టి నిలిచెను.

1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగెను. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోపలికి విడువరాదని ఆజ్ఞ. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. ఆయన యొద్ద టిక్కెట్టు లేదు. వచ్చినవారు ఎంతటి వారైనను నియమము నియమమే యని ఆమె వినయముతోనే అడ్డుచెప్పెను. నిర్వాహకులు కలవరపడి టిక్కెట్టు తెచ్చి యిచ్చిన పిదపనే ఆయన లోనికేగెను. నెహ్రూ ఆగ్రహింపలేదు; ఆ బాలిక ధైర్యమును మెచ్చుకొనెను. వద్దని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో, ఆ మాటను మన్నించుటకు అంత సంస్కారము కావలెను.

అంతకంటె కఠినమైన పరీక్ష పదునైదవ యేట ఎదురయ్యెను. అత్తవారింటికి వెళ్లవలసిన సమయము వచ్చెను. తెలియని వయస్సున జరిగిన పెండ్లికి తాను కట్టుబడజాలనని, తన మనస్సు విద్యయందును దేశసేవయందును లగ్నమైనదని ఆమె స్పష్టముగా తెలిపెను. ఆ కాలమున ఒక బాలిక అట్లు పలుకుట సామాన్యము కాదు. తండ్రియు సోదరుడును ఆమెకు అండగా నిలిచిరి. సుబ్బారావును ఆమె మాటను మన్నించి, వేరొక వివాహము చేసికొనెను. ఆమె నిరాకరణమునందు ద్వేషము లేదు. కొన్నియేండ్లకు అతని రెండవ భార్య వితంతువు కాగా, దుర్గాబాయియే ఆమెను ఆదరించి, పని నేర్పించి, స్వశక్తిపై నిలువజేసెను.

కోనసీమలోని పి.గన్నవరమునొద్ద వైనతేయ గోదావరిపై కట్టిన అక్విడెక్టును చూచితిరా? క్రింద నది పారును; మీద కాలువ పారును. కాలువకు ఇరువైపుల గోడలుండుటచేతనే నీరు ఆవలి లంకల పొలములకు చేరుచున్నది. ఆ గోడలు నదికి శత్రువులు కావు. మనుష్యుల నడుమ నుండవలసిన హద్దులును అట్టివే. అవి స్నేహమును చెరుపవు, నిలుపును.

బాలబాలికలారా! మీ శరీరము మీది. ఎవరైనను మీకు ఇష్టము లేని రీతిని తాకినచో, వారు బంధువులైనను, పెద్దలైనను, వద్దని చెప్పుటకు మీకు హక్కు కలదు. ఎవరికిని చెప్పరాదని బెదిరించినచో ఆ సంగతిని దాచరాదు. తల్లిదండ్రులకో, గురువులకో చెప్పవలెను. వారు విననిచో వినువారు దొరకువరకు చెప్పవలెను. తప్పు చేసినవారిదే గాని చెప్పినవారిది కాదు. బాలల సహాయమునకై 1098 అను టెలిఫోను సంఖ్య గలదు. బాలలను లైంగిక వేధింపులనుండి కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. అట్లే మీ తోడివారు వద్దనినప్పుడు మీరును ఆ క్షణముననే ఆగవలెను. నవ్వులాటకైనను హద్దు కలదు.

దుర్గాబాయి 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాల కేగెను. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. 1942లో న్యాయశాస్త్ర పట్టము నొందెను. పిదప రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యురాలయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. ఆ యేటనే చింతామణి దేశ్‌ముఖ్‌ను తన యిష్టముతో వివాహమాడెను. నాడు కాకినాడలో టిక్కెట్టు లేక ద్వారమున నిలిచిన నెహ్రూ, ప్రధానమంత్రియై ఆ వివాహమునకు సాక్షిగా సంతకము చేసెను.

బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో వచ్చెను. అప్పుడు బాలికల వివాహ వయస్సు పదునాలుగేండ్లు. 1978లో అది పదునెనిమిది యయ్యెను. చట్టము రాకమునుపే తన జీవితముపై నిర్ణయము తనదేయని ఎరిగిన దుర్గాబాయికి 1975లో పద్మవిభూషణ పురస్కారము లభించెను. 1981వ సంవత్సరము మే 9వ తేదీన ఆమె దివంగతురాలయ్యెను. ఎనిమిదవ యేట తన్నెవ్వరును అడుగని ఆ బాలిక, పిమ్మట వేలకొలది స్త్రీలు తమ మాట తాము చెప్పుకొనుటకు తగిన విద్యను ఒసంగి ధన్యురాలయ్యెను.