తిబెరి కైసరు

సువార్తలను చదువు మన విద్యార్థులకు తిబెరి కైసరు పేరు క్రొత్తది కాదు. పన్నును గూర్చి ప్రశ్నించినవారు ప్రభువునకు చూపిన వెండి దేనారముపై నున్న ముఖము ఈయనదే యని పలువురు పండితులు తలంచుచున్నారు. ఆయన చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

తిబెరి క్రీ.పూ. 42వ సంవత్సరము నవంబరు 16వ తేదీన జన్మించెను. ఆయన శిశువుగా నున్నప్పుడే తల్లి లివియా భర్తను విడిచి, పిమ్మట ఔగుస్తు కైసరని ప్రసిద్ధికెక్కిన ఆక్టేవియనును వివాహమాడెను. తండ్రి మరణానంతరము తిబెరి సవతితండ్రి యింట పెరిగి, సమర్థుడైన సేనానిగా పేరొందెను. ఆయన తన భార్యయగు విప్సానియాను మిక్కిలి ప్రేమించెను. అయినను రాజ్యావసరమునకై ఆమెను విడిచి, ఔగుస్తు కుమార్తెయగు జూలియాను క్రీ.పూ. 11లో పెండ్లాడవలసివచ్చెను. ఆ గాయము మానలేదు. క్రీ.పూ. 6లో సర్వమును విడిచి రోదు ద్వీపమునకేగి యేండ్లతరబడి యేకాంతముగా నుండెను. ఔగుస్తు మనుమలిరువురును చనిపోగా క్రీ.శ. 4లో దత్తపుత్రుడై, క్రీ.శ. 14లో, తన 55వ యేట, చక్రవర్తి యయ్యెను.

ఆయన దేనారము తులములో మూడవవంతుకు కొంచెము తక్కువ తూగును. దాదాపు శుద్ధమైన వెండి. గాలు దేశమందలి లుగ్దున టంకశాలలో ముద్రితమైనది. ఒక ప్రక్క ఆకుల కిరీటము దాల్చిన చక్రవర్తి శిరస్సు, రెండవ ప్రక్క ఒలీవ కొమ్మ పట్టి కూర్చున్న స్త్రీమూర్తి. ద్రాక్షతోట ఉపమానములో కూలివాని దినవేతనము ఒక దేనారమే గదా!

తిబెరి ధనమును జాగ్రత్తగా కాపాడెను. కాని అవసరమున దాచుకొనలేదు. క్రీ.శ. 17లో ఆసియాలో భూకంపమువలన 12 పట్టణములు కూలగా, వానికి పన్నులు మాన్పి సాయము చేసెను. క్రీ.శ. 33లో రోములో అప్పు పుట్టక జనులు తల్లడిల్లగా, రెండున్నర కోట్ల దేనారముల సొమ్మును మూడేండ్లకు వడ్డీలేని ఋణములకై విడుదల చేసెను. రత్నముల వ్యామోహముచే రోము ధనము పరదేశముల పాలగుచున్నదని క్రీ.శ. 22లో సెనేటు సభకు వ్రాసి వాపోయెను. ఆ వాపోవుటకు సాక్ష్యము మన నేలలోనే దొరకినది: నల్గొండ జిల్లా అక్కనపల్లెలో బయల్పడిన నిక్షేపమున ఔగుస్తు, తిబెరిల వెండి నాణెములు గలవు.

అయినను ఆయన హృదయము నానాటికి అనుమానముతో నిండెను. క్రీ.శ. 26లో రోము విడిచి కాప్రి ద్వీపము చేరి, మరల నగరమున అడుగిడలేదు. నమ్మిన సెజానుడే ద్రోహియని తలంచి, క్రీ.శ. 31లో వానికి మరణదండన విధింపజేసెను. రాజద్రోహ నేరముపై అనేకులు ప్రాణములు గోల్పోయిరి. క్రీ.శ. 37 మార్చి 16న ఆయన మృతినొందగా రోము ప్రజలు దుఃఖింపలేదు, సంతసించిరి. ఆయన కూడబెట్టిన ధనమును తరువాతి చక్రవర్తి గాయు కొలది కాలములోనే దుబారా చేసెను. క్రీ.శ. 64లో నీరో దేనారపు బరువును, వెండి పాలును కూడ తగ్గించెను.

తిబెరి నాణెమున కల్తీ చేరనీయలేదు. మనస్సున చేరిన కల్తీని మాత్రము తొలగించుకొనలేకపోయెను. ప్రియ విద్యార్థులారా, మన హృదయములపై దేవుడు ముద్రించిన రూపమును నిర్మలముగా కాపాడుకొందముగాక.