బాపూజీ వడికిన నూలు

ఈసారి సమాఖ్య నివేదికలో గాంధీ గారి జీవితం రాద్దామని మా గ్రూపులో అందరం అనుకున్నాం. దండి, ఉప్పు సత్యాగ్రహం మనందరం బడిలో చదివినవే, మళ్ళీ రాయడం లేదు. ఒక చేతిపని నేర్చుకున్న మనిషిగా ఆయన ఎలాంటివారో రాస్తున్నాం. మన పాలకొల్లు, నరసాపురం వైపు చేతిలో లేసు సూది పట్టని ఆడది తక్కువ. అందుకే ఈ సంగతులు మనకే బాగా అర్థమవుతాయి.

గాంధీ గారు 1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో పుట్టారు. లండన్‌లో బారిస్టరు చదివి, దక్షిణాఫ్రికాలో 20 ఏళ్ళు పైగా ఉండి, 1915లో దేశానికి తిరిగి వచ్చారు. రాట్నం గొప్పదని 1908 నాటికే ఆయన మనసులో ఉంది కానీ, అప్పటికి రాట్నం కంటితో చూసిన గుర్తు కూడా ఆయనకు లేదు. ఈ మాట తన ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు.

అహ్మదాబాద్ ఆశ్రమంలో ముందు మగ్గాలు పెట్టారు. నేర్పేవాళ్ళు దొరకలేదు. చివరికి పాలన్‌పూర్ నుంచి ఒకాయన వచ్చారు గానీ, తనకు వచ్చిన పని అంతా చెప్పలేదంట. కొంచెం దాచుకున్నాడు. కొత్త డిజైను ఎలా మొదలుపెట్టావు వదినా అని అడిగితే మాట మార్చేవాళ్ళు మన వీధుల్లో కూడా ఉన్నారు కదా! గాంధీ గారి బంధువు మగన్‌లాల్ పట్టువదలకుండా కూర్చుని మిగతాది తానే నేర్చుకున్నారు.

మగ్గం వచ్చింది, నూలు మాత్రం మిల్లుదే. చేత్తో వడికే రాట్నం కావాలి. ఎక్కడా లేదు. 1917లో గంగాబెన్ మజుందార్ అనే వితంతువుతో పరిచయమైంది. ధైర్యం గల మనిషి. ఆమె ఊరూరూ తిరిగి బరోడా సంస్థానంలో వీజాపూర్ అనే ఊళ్ళో అటకల మీద పడి ఉన్న రాట్నాలు కనిపెట్టింది. ఏకులు తెచ్చిస్తే వడుకుతామని అక్కడివాళ్ళు అన్నారు. మొదట ఏకులు కూడా మిల్లు నుంచే వచ్చాయి. అది గాంధీ గారికి నచ్చలేదు. దూది ఏకే మనిషిని కూడా గంగాబెన్ గారే వెతికి పెట్టింది. మొదటి ఖద్దరు గజం 17 అణాలు పడింది. పన్నా 30 అంగుళాలే. నెలలోపు 45 అంగుళాల పంచె రాకపోతే పొట్టి పంచె కట్టుకుంటానని గాంధీ గారు ఆమెకు చెప్పేశారు. ఆవిడ కంగారుపడింది గానీ, గడువులోపు తెచ్చి ఇచ్చింది. చరిత్రలో గాంధీ గారి పేరే పెద్దది, మాకు మాత్రం ఈ కథలో గంగాబెన్ గారే ఎక్కువ నచ్చింది.

ఆయన వడకడం నేర్చుకునేసరికి 50 ఏళ్ళకు దగ్గరపడ్డారు. జబ్బుపడి బొంబాయిలో ఉన్నప్పుడు గదిలో రాట్నం చప్పుడు వింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేదంట. కుడిచేత్తో చక్రం తిప్పాలి, ఎడమచేత్తో దారం లాగాలి. చెయ్యి ఒకే తీరున కదలకపోతే నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం, తర్వాత పుటుక్కుమని తెగడం. లేసులో చేతి బిగువు మారితే పువ్వు ఒకవైపు లాక్కుపోయినట్టే. ఆ తర్వాత ఎక్కడున్నా, ఎంత పనిలో ఉన్నా, రోజూ వడికేవారు. 1932లో ఎరవాడ జైల్లో ఉండగా మోచెయ్యి నొప్పి పట్టుకుంది. అప్పుడు కాలితో తొక్కే మగన్ రాట్నం తెప్పించుకున్నారు గానీ మానలేదు.

1921లో బెజవాడ కాంగ్రెస్ సభలో దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానం చేశారు. మన పింగళి వెంకయ్య గారు జెండా తెచ్చి ఇచ్చింది కూడా అక్కడే. 1924లో కాంగ్రెస్ వాళ్ళు నెలకు 2000 గజాల నూలు వడికి ఇవ్వాలని నియమం పెట్టారు. పెద్ద పెద్ద నాయకులు కూడా ఇవ్వాల్సిందే. చాలామంది ఎగ్గొట్టారు, అది వేరే సంగతి.

మాకు ముఖ్యమనిపించింది 1935 నాటి విషయం. అప్పటికి అఖిల భారత చరఖా సంఘం పెట్టి 10 ఏళ్ళయింది. ఊళ్ళల్లో ఆడవాళ్ళు రోజంతా వడికినా చేతికి వచ్చే కూలి చాలా తక్కువ. 8 గంటల పనికి 8 అణాలు రావాలని గాంధీ గారు పట్టుబట్టారు. అంత ఇస్తే ఖద్దరు ధర పెరుగుతుంది, కొనేవాళ్ళు ఉండరని సంఘం వాళ్ళే భయపడ్డారు. చివరికి 3 అణాల దగ్గర మొదలైంది. ఇంకొకటి కూడా ఆయన గమనించారు. ఖద్దరు నూలు వడికే ఆడవాళ్ళు మాత్రం మిల్లు బట్ట కట్టుకుంటున్నారు. ముందు మీకోసం వడుక్కోండి, మీరు కట్టుకోండి, మిగిలింది అమ్మండి అని అప్పటినుంచి గట్టిగా చెప్పసాగారు.

ఇది చదివి మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా పదిమందిలో విదేశాలకు వెళ్ళే టేబుల్ క్లాతులు అల్లనివాళ్ళు లేరు. సొంత ఇంట్లో, సొంత బల్ల మీద తాను అల్లిన గుడ్డ ఉన్నది ఇద్దరికే. దారం ఏజెంటు తూకం వేసి ఇస్తాడు, అల్లింది లెక్కపెట్టి తీసుకుపోతాడు. మనకోసం అల్లుకోవాలంటే దారం మనమే కొనాలి, ఆ వారం కూలి పోతుంది. కష్టం అక్కడుంది.

గాంధీ గారు తనవాళ్ళకోసం కూడా వడికారు. 1942 ఆగస్టు నుంచి ఆయన, కస్తూర్బా గారు పూనాలో ఆగాఖాన్ భవనంలో ఖైదులో ఉన్నారు. 1944 ఫిబ్రవరి 22న ఆమె అక్కడే కన్నుమూశారు. ఆయన చేత్తో వడికిన నూలుతో నేసిన చీరే కట్టి ఆమెను సాగనంపారు. పోయినప్పుడు ఆ చీరే కట్టాలని ఆమె కోరిక. 60 ఏళ్ళు దాటిన కాపురంలో ఆయన ఆమెకు బంగారం పెట్టింది లేదు, ఉన్నది కూడా ప్రజల సొమ్మని ఇప్పించేశారు. ఈ విషయంలో మా గ్రూపులో వాదన జరిగింది. ఆ చీర ఒక్కటీ చాలునని కొందరు, చాలదని కొందరు. తేలలేదు.

చివరిది లేసు సంగతి. 1947 నవంబరులో ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. అన్నీ వదిలేసిన మనిషిని నేనేం బహుమతి ఇవ్వగలనని గాంధీ గారు అంటే, మీ నూలుతోనే ఏదైనా చేయించి పంపమని మౌంట్‌బాటన్ గారు సలహా ఇచ్చారు. ఆయన వడికిన నూలుతో ఒక పంజాబీ అమ్మాయి లేసు గుడ్డ అల్లింది. మధ్యలో జై హింద్ అనే అక్షరాలు. పెళ్ళి కానుకల్లో దాన్ని చూసి యువరాణి నాయనమ్మ మేరీ రాణి గారు గోచీగుడ్డ అనుకుని చిరాకుపడ్డారంట! లేసులో అక్షరాలు తేవడం ఎంత పనో మనకు తెలుసు. గళ్ళు లెక్కపెట్టుకుంటూ అల్లాలి, ఒక్క గడి తప్పితే వరుసంతా విప్పుకోవాలి. పైగా చేత్తో వడికిన నూలు, మిల్లు దారంలా ఒకే లావుగా సాగదు. 

పెళ్ళయిన రెండు నెలలకే, 1948 జనవరి 30న గాంధీ గారిని కాల్చి చంపారు. ఆ గుడ్డ మాత్రం పాడవకుండా ఉంది. 2018లో మన ప్రధానమంత్రి లండన్ వెళ్ళినప్పుడు రాణిగారు దాన్ని తీయించి చూపించారు. అందరూ అది బాపూజీ నూలు అంటారు. అల్లిన పిల్లను ఒక పంజాబీ అమ్మాయి అని ఊరుకుంటారు.