జోజిలా ఎక్కిన జనరల్

ఎన్.సి.సి.లో చేరిన కొత్తలో మా ఆఫీసరుగారు ఒకరోజు ఓ ప్రశ్న వేశారు. పదకొండు వేల అడుగుల ఎత్తున యుద్ధ ట్యాంకు నడుస్తుందా అని. నడవదని అందరికంటే ముందు చెప్పినవాణ్ణి నేనే. ఆయన నవ్వి, జనరల్ తిమ్మయ్యగారి గురించి చదువుకు రమ్మన్నారు. చదివింది ఇక్కడ రాస్తున్నాను.

తిమ్మయ్యగారు 1906 మార్చి 31న కొడగు సీమలోని మడికేరిలో జన్మించారు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది 1926లో సైన్యంలో ఆఫీసరయ్యారు. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగాన బ్రిగేడును నడిపి మంచిపేరు గడించారు.

శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో, సోనామార్గ్ దాటాక వచ్చే కనుమ జోజిలా. ఎత్తు సుమారు 11,500 అడుగులు. ఒకపక్క నిటారు కొండ, మరోపక్క పాతాళంలాంటి లోయ. చలికాలంలో మంచు దారి మూసేస్తుంది. మంచుచరియ విరిగిపడిందా, మనిషి ఆనవాలు కూడా దొరకదు. అయినా అది ఎవరి చేతిలో ఉంటే లడఖ్ తాళంచెవి వారిదే.

1948 వేసవిలో ఆ తాళంచెవి శత్రువు చేతికి పోయింది. లేహ్‌లో మన కొద్దిపాటి సైన్యం చిక్కుపడింది. అంతకుముందే, మే 24న, ఎవరూ దిగని ఆ ఎత్తైన నేలమీద మెహర్‌సింగ్ మొదటి విమానం దింపారు. అందులో ప్రయాణించింది తిమ్మయ్యగారే! సెప్టెంబరులో మన పదాతిదళం కనుమ మీద చేసిన దాడులు ఫలించలేదు. కొండ గుహల్లోంచి మరఫిరంగులు పేలుతుంటే ముందుకు పోవడమెలా?

అప్పుడాయన ట్యాంకులు ఎక్కిద్దామన్నారు. విడదీసిన స్టువర్ట్ ట్యాంకులను గుట్టుచప్పుడు కాకుండా తెప్పించారు. మన తెలుగు జవాన్లూ పనిచేసే మద్రాసు శాపర్ల దళం కంచరగాడిదల బాటను ట్యాంకుల బాటగా మార్చింది. నవంబరు 1న మంచు కురుస్తుండగా ట్యాంకులు కదిలాయి. డివిజన్ కమాండరైన ఆయన మొదటి ట్యాంకులోనే కూర్చున్నారు. ఆ సాయంత్రానికి కనుమ మనదైంది. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ తిరిగొచ్చాయి, లేహ్‌కు దారి కలిసింది.

1957 నుంచి 1961 వరకు ఆయన సైన్యాధిపతి. 1959లో రక్షణమంత్రితో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూగారి మాట మీద వెనక్కి తీసుకున్నారు. పదవీ విరమణ తర్వాత కూడా ఇంట్లో కూర్చోలేదు. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళాన్ని నడుపుతూ 1965 డిసెంబరు 18న అక్కడే కన్నుమూశారు.

నా జవాబు తప్పని తేలిపోయింది. మిత్రులారా! వచ్చే ఏడు యూనియన్ ఎన్నికల్లో నిలబడేవారికి నా విన్నపం ఒకటే. పదిమందిని రమ్మనేముందు, మొదటి బండిలో మీరెక్కండి.